రాగిరేకు, ఆమ్లం, అక్షరం

(బి.యస్సీ. ఆఖరి సంవత్సరం రసాయనశాస్త్ర విద్యార్థి, పూండి)

"మొద్దు" అనే మాట మన ఊళ్ళలో చాలా చవక. బళ్ళో పిల్లవాడు పాఠం కూడబలుక్కుని చదివితే మొద్దు. ఎక్కాలు అప్పజెప్పబోయి మధ్యలో ఆగిపోతే మొద్దు. చూసిరాత కూడా తప్పుల్లేకుండా రాయలేకపోతే ఇంక చెప్పేదే లేదు. "ఈడికి చదువు అబ్బదు, ఏదో పనిలో పెట్టెయ్యండి" అని పెద్దలు తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పు మీద అప్పీలు లేదు. పదేళ్ళు నిండని పిల్లవాడి మీద పడిన ఆ ముద్ర వాడికి పెళ్ళయి పిల్లలు పుట్టినా చెరగదు.

ఈ వ్యాసం ముద్రల గురించే. రాగిరేకు మీద ఆమ్లంతో బొమ్మ తినిపించి కాగితం మీద అచ్చు తీసే ఎచింగ్ అనే కళ గురించి, చిన్నతనంలో మొద్దు అనిపించుకున్న ఒక చిత్రకారుడు ఆ అచ్చుకళలో చూపించిన పనితనం గురించి, అతని అనుభవం మన బడులకి నేర్పే పాఠం గురించి నాకు తెలిసినంతలో వివరించటానికి ప్రయత్నిస్తాను. కళకీ కెమిస్ట్రీకీ ఏం సంబంధం అని ఎవరైనా అడిగితే, ముందు ఆ సంబంధమే చెప్పి తర్వాత ముందుకి వెళ్తాను.

ఎచింగ్ అంటే ఏమిటి?

మన ఉద్దానం వాళ్ళకి ఈ సంగతి చెప్పటం సుళువు. జీడిపిక్క తొక్కలోని నూనె చేతికంటితే చర్మం పొక్కిపోతుందని మనందరికీ తెలుసు. పలాస చుట్టుపక్కల పిక్కలు కొట్టే ఆడవాళ్ళ వేళ్ళు చూస్తే ఆ నూనె ఎంత గట్టిదో అర్థమవుతుంది. పని మొదలెట్టే ముందు వేళ్ళకి బూడిదో నూనో రాసుకుంటే, రాసినంత మేర చర్మం బతుకుతుంది, రాయని చోట కాలుతుంది. ఎచింగ్ సూత్రం సరిగ్గా ఇదే. కప్పిన చోట లోహం బతుకుతుంది, కప్పని చోట ఆమ్లం తింటుంది.

నున్నగా పాలిష్ చేసిన రాగిరేకు గాని జింకురేకు గాని తీసుకుంటారు. తేనెమైనం, తారు, చెట్టు జిగురు కలిపి కాచిన ముద్దని దాని మీద పలచగా పూస్తారు. అది ఆరాక సూదిలాంటి మొనతో బొమ్మ గీస్తారు. సూది రాగిని కొయ్యదు, పైపూతని మాత్రం గీకుతుంది. గీత పడ్డ చోట రాగి మెరుస్తూ బయటపడుతుంది. అప్పుడు ఆ రేకుని ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో ముంచుతారు. ఒక రాగి పరమాణువు కరగాలంటే రెండు ఫెర్రిక్ అయాన్లు ఫెర్రస్ అయాన్లుగా మారాలి. ఇంటర్మీడియట్‌లో మనం చదివిన ఆక్సీకరణ, క్షయకరణాలే ఇక్కడ ఉలి, సుత్తి అన్నమాట. పూర్వం నత్రికామ్లం ఎక్కువగా వాడేవారు. అది రాగిని తింటుంటే లేచే గోధుమరంగు పొగ ఊపిరితిత్తులకి మంచిది కాదు.

ఇందులో అసలు కిటుకు కాలం. గీతని అయిదు నిమిషాలు తినిపిస్తే లోతు తక్కువ, అచ్చులో సన్నని బూడిదరంగు గీత వస్తుంది. గంటసేపు తినిపిస్తే లోతు ఎక్కువ, సిరా ఎక్కువ పడుతుంది, గీత నల్లగా లావుగా వస్తుంది. అందుకని చిత్రకారుడు రేకుని కాసేపు ముంచి, తీసి, కడిగి, ఇక చాలనుకున్న గీతల మీద వార్నిష్ పూసి మళ్ళీ ముంచుతాడు. ఇలా ఎన్నో విడతలు. రేకు మీద రోజిన్ అనే చెట్టు జిగురు పొడిని జల్లి, వేడి చేసి అంటించి, రేణువుల సందుల్లోంచి ఆమ్లం తినేటట్టు చేస్తే గీతలకి బదులు నీడలు వస్తాయి. దాన్ని ఆక్వాటింట్ అంటారు. మెజోటింట్ అని ఇంకొకటుంది. అందులో రేకంతా ముందే గరుకు చేస్తారు, అలాగే అచ్చు తీస్తే కాగితమంతా నల్లగా వస్తుంది. తర్వాత వెలుతురు కావలసిన చోటల్లా రుద్ది రుద్ది నున్నన చేస్తారు. చీకట్లోంచి వెలుగు తీయటం అనుకోండి.

చివరికి పూతంతా కడిగేసి, సిరా పట్టించి, పైన అంటిన సిరాని గుడ్డతో తుడిచేస్తే గాళ్ళలో సిరా మాత్రం మిగులుతుంది. తడిపిన మందపు కాగితం పరిచి, బరువైన రోలర్ల ప్రెస్సులో నడిపిస్తే కాగితం ఆ గాళ్ళలోకి దిగి సిరాని పైకి లాగుతుంది. రేకు మీద ఎడమవైపు గీసింది అచ్చులో కుడివైపుకి వస్తుంది. అక్షరం రాయాలంటే రేకు మీద తిరగేసి రాయాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. మొదటి అచ్చు చూసి ఎవరూ పని ముగించరు. దాన్ని ప్రూఫు అంటారు. ప్రూఫు చూస్తారు, లోపం పట్టుకుంటారు, రేకు మళ్ళీ సరిచేస్తారు, మళ్ళీ ప్రూఫు తీస్తారు. డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ తన రేకుల్ని ఇలా దశలు దశలుగా మార్చుకుంటూ పోయాడు. తప్పుని దిద్దుకోవటం ఈ కళలో ఒక భాగం, ఎవరికీ సిగ్గు కాదు. ఈ మాట గుర్తుంచుకోండి, మన పరీక్షల దగ్గరికి వచ్చినప్పుడు మళ్ళీ అవసరపడుతుంది.

మన తెలుగువారి చేతిలో

ఈ విద్య ఎక్కడో విదేశాలదని అనుకోనక్కర్లేదు. చిత్తూరు ప్రాంతంలోని నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకున్నారు. తర్వాత లండన్, పారిస్ వెళ్ళి స్టాన్లీ విలియం హేటర్ నడిపిన ఆటెలియే 17 అనే అచ్చుశాలలో పనిచేశారు. ఒకే రేకు మీద అనేక రంగులు పూసి ఒకే ఒత్తుడులో అచ్చు తీసే పద్ధతిని అక్కడ వృద్ధి చేసినవారిలో ఆయన ముఖ్యుడు. దాని రహస్యం ఫిజిక్సులో మనం చదువుకునే స్నిగ్ధతే. రేకుని హెచ్చుతగ్గుల లోతుల్లో చెక్కి, నూనె ఎక్కువ కలిపిన పలచని సిరాని గట్టి రోలర్‌తో పైభాగాలకి పూస్తారు. తర్వాత చిక్కని సిరాని మెత్తని రోలర్‌తో నడిపిస్తే అది లోతుల్లోకి దిగుతుంది గాని, పలచని సిరా ఉన్న చోట అంటుకోదు. రెండు రంగులూ కలిసి బురదైపోకుండా పక్కపక్కనే నిలుస్తాయి. 1972లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. 2018లో న్యూయార్కులో కన్నుమూశారు.

మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కె. లక్ష్మాగౌడ్ ఎచింగ్‌లు మరో రకం. హైదరాబాదులోను, బరోడాలోను చదువుకుని ఆయన తన పల్లెనే రేకు మీదికి ఎక్కించారు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, మేకలు, చెట్లు, అన్నీ వెంట్రుకంత సన్నని గీతల్లో పెనవేసుకుని ఉంటాయి. ఆయనకి 2016లో పద్మశ్రీ ఇచ్చారు.

లక్ష్మాగౌడ్ పుట్టిన ఆ 1940లోనే, ఒక నెల ముందు, అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని మన్రో అనే చిన్న ఊళ్ళో ఇంకొక పిల్లవాడు పుట్టాడు. అతని పేరు చక్ క్లోజ్. అచ్చుకళలో ఇతనూ ఉద్దండుడే. అయితే బళ్ళో ఇతను మొద్దు. ఎందుకు మొద్దయ్యాడో తెలియాలంటే ముందు డిస్లెక్సియా గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి.

అక్షరం ఎందుకు మొరాయిస్తుంది?

1887లో రుడాల్ఫ్ బెర్లిన్ అనే జర్మన్ కంటివైద్యుడు ఈ డిస్లెక్సియా అనే మాట పుట్టించాడు. మెదడుకి దెబ్బ తగిలి చదవలేకపోయిన పెద్దవాళ్ళ గురించి ఆయన చెప్పాడు. 1896లో ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గన్ అనే వైద్యుడు పద్నాలుగేళ్ళ పెర్సీ అనే కుర్రవాడి సంగతి బ్రిటిష్ వైద్య పత్రికలో రాశాడు. పెర్సీకి ఏ దెబ్బా తగలలేదు, చూపు బాగుంది, లెక్కలు బాగా చేస్తాడు, మాటకారి. చిన్న చిన్న మాటలు మాత్రం చదవలేడు, రాయలేడు. చదువంతా నోటితో చెప్పి నోటితో అడిగితే ఆ బడిలో అతనే అందరికన్నా తెలివైనవాడని మాస్టారే అన్నాడట. నూట ముప్ఫై ఏళ్ళ కిందటి ఆ మాస్టారి మాటలో ఇవాళ్టి శాస్త్రం సగం ఉంది.

మనిషి మాట్లాడటం పుట్టుకతో వచ్చిన శక్తి మీద ఆధారపడింది. చదవటం అలాంటిది కాదు, అది ఈ మధ్య కొన్ని వేల ఏళ్ళలో మనిషి కనిపెట్టుకున్న పని. చదివేటప్పుడు మెదడు కంటికి కనిపించిన గుర్తుని చెవికి తెలిసిన ధ్వనితో క్షణంలో ముడివెయ్యాలి. చాలామంది డిస్లెక్సియా పిల్లలకి ఈ ముడి దగ్గరే ఇబ్బంది. "పలక అన్న మాటలో మొదటి అక్షరం తీసేస్తే ఏం మిగులుతుంది?" అని అడిగితే తోటివాళ్ళు "లక" అని ఠక్కున చెప్తారు. వీళ్ళు తడుముకుంటారు. ఇది కంటిజబ్బు కాదు, కళ్ళద్దాలతో పోదు. బద్ధకం కాదు, బెత్తంతోను పోదు. తెలివికీ దీనికీ ముడిపెట్టకూడదు. కుటుంబాల్లో పారంపర్యంగా వచ్చే లక్షణం కూడా దీనికి కొంత ఉంది. అక్షరాలు తలకిందులుగా కనిపించటమే డిస్లెక్సియా అనుకోవటం పొరపాటు. చదువు మొదలెట్టిన పిల్లలందరూ కొన్నాళ్ళు అక్షరాలు తారుమారు చేస్తారు.

తెలుగులో ఇది ఎలా కనబడుతుంది? ఇంగ్లీషులో ఒకే అక్షరానికి చోటుని బట్టి నాలుగు రకాల ఉచ్చారణ. తెలుగులో రాసినట్టే చదువుతాం, కాబట్టి తప్పులు తక్కువ రావచ్చు. ఇలాంటి నికరమైన లిపుల్లో ఈ ఇబ్బంది ఎక్కువగా నెమ్మదితనం రూపంలో బయటపడుతుంది. పిల్లవాడు తప్పు చదవడు, కానీ ఒక్కొక్క అక్షరం కూడదీసుకుని వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతాడు. మనకున్న గుణింతాలు, వత్తులు, సంయుక్తాక్షరాలు అన్నీ కలిపితే గుర్తులు వందల్లో ఉంటాయి. మన లిపికి అక్కచెల్లెలైన కన్నడంలో పిల్లలు అక్షరాలన్నీ పట్టుకోవటానికి మూడు నాలుగు తరగతుల దాకా పడుతుందని సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధనలో చూపించారు. మామూలు పిల్లలకే ఇంతకాలం పడితే, ముడి సరిగ్గా పడనివాళ్ళ సంగతి ఆలోచించండి. మ, య, ప, వ, ధ, థ లాంటి జంటలు వాళ్ళని ఇంకా కొన్నేళ్ళు తిప్పలు పెడతాయి.

మా వీధిలో ఒక కుర్రాడున్నాడు, నాకంటే రెండేళ్ళు చిన్న. బోరు మోటారు విప్పి, కాలిపోయిన తీగ చూసి, మళ్ళీ ఎన్ని చుట్లు చుట్టాలో లెక్క తప్పకుండా చుట్టేస్తాడు. ఆ మోటారు డబ్బా మీది కాగితం చదవమంటే పక్కవాడికిచ్చేస్తాడు. ఎనిమిదో తరగతిలో బడి మానేశాడు. వాడికున్నది డిస్లెక్సియానో కాదో నేను చెప్పలేను, అది పరీక్షించి చెప్పవలసినవాళ్ళు వేరే ఉన్నారు. కానీ ఆ ఎనిమిదేళ్ళలో వాణ్ణి ఒక్కసారి కూడా ఎవరూ పరీక్షించలేదు. వాడికి దొరికిన పరీక్షల్లా తిట్లు, గోడకుర్చీలు.

చక్ క్లోజ్ చదువు

చక్ క్లోజ్ కూడా ఇలాగే మొదలయ్యాడు. అతని చిన్నప్పుడు ఆ బళ్ళల్లో డిస్లెక్సియా అన్న మాటే ఎవరూ అనేవారు కాదు. సోమరి, బుద్ధిమాంద్యం, ఈ రెండే తెలుసు. దీనికి తోడు కండరాల బలహీనత వల్ల తోటి పిల్లల్లాగ పరుగెత్తలేడు, బంతి ఆడలేడు. పైగా మనుషుల ముఖాలు గుర్తుండవు. నిన్న మాట్లాడిన మనిషి ఇవాళ ఎదురైతే కొత్తవాడే. ముఖాల్ని పోల్చుకోలేని ఈ స్థితికి ప్రోసోపాగ్నోసియా అని పేరు. పదకొండేళ్ళప్పుడు తండ్రి పోయాడు.

అతను తన తంటాలు తనే పడ్డాడు. పెద్దయ్యాక ఇంటర్వ్యూల్లో చెప్పిన ప్రకారం, పరీక్ష ముందు స్నానాలతొట్టిలో వేడినీళ్ళు నింపుకుని, తొట్టికి అడ్డంగా పలక వేసుకుని, గదిలో దీపాలన్నీ ఆర్పేసి పుస్తకం మీద మాత్రం ఒక్క దీపం పడేటట్టు పెట్టుకుని, ప్రతి పేజీ అయిదేసిసార్లు పైకి చదివేవాడట. కన్ను అందించలేని దాన్ని చెవి చేత పట్టించటమన్నమాట. వ్యాసాలు రాయలేడు గనక, పాఠం మీద తనకి శ్రద్ధ ఉందని టీచర్లకి తెలియటానికి బొమ్మలు వేసుకెళ్ళేవాడు. లూయిస్, క్లార్క్ అనే అన్వేషకులు అమెరికా ఖండం దాటిన దారిని ఒక పొడవాటి పటంగా గీసి చూపించాడు.

ఎనిమిదో తరగతిలో అతనికి కాలేజీ ఆశ పెట్టుకోవద్దని చెప్పేశారు. ఆల్జీబ్రా రాదు, ఫిజిక్సు రాదు, కెమిస్ట్రీ రాదు, ఇంకేం కాలేజీ? అతని అదృష్టం కొద్దీ సొంత ఊరి దాపునే ఎవరినైనా చేర్చుకునే జూనియర్ కాలేజీ ఒకటుంది. అక్కడ చేరి, ఆ మెట్టు మీంచి వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి 1962లో పట్టా పుచ్చుకున్నాడు. 1964లో యేల్ విశ్వవిద్యాలయంలో పైచదువు కూడా పూర్తిచేశాడు. తలుపు తెరిచి ఉన్న ఒక మామూలు కాలేజీ మనిషి జీవితాన్ని ఎంత మార్చగలదో మనలాంటి కాలేజీ వాళ్ళు గమనించాలి.

కీత్ ముఖం

యేల్ నుంచి వచ్చాక అతను తీసుకున్న విషయం చూడండి. ముఖాలు గుర్తుపట్టలేనివాడు జన్మంతా ముఖాలే వేశాడు! తనవి, భార్యవి, స్నేహితులవి. కదిలే ముఖం అతనికి పట్టుబడదు. దాన్ని ఫోటో తీసి, కాగితం మీద చదును చేస్తే మనసులో నిలుస్తుందని అతనే చెప్పాడు. ఆ ఫోటో మీద నిలువుగీతలు, అడ్డగీతలు గీసి గళ్ళు చేస్తాడు. పెద్ద గుడ్డ మీద కూడా అన్నే గళ్ళు పెద్దవిగా గీస్తాడు. ఇక్కడి గడిలో ఉన్నది అక్కడి గడిలోకి. ఒక గడి అయ్యాక ఇంకో గడి. మొత్తం ముఖాన్ని తలచుకుంటే కంగారు పుట్టేవాడికి ఒక్క గడి అంటే కంగారు లేదు.

మన రైతులకి ఇది కొత్త సంగతి కాదు. ఏటవాలు నేలని ఒకే చెక్కగా ఉంచితే నీరు నిలవదు. గట్లు వేసి మళ్ళుగా కోస్తే ప్రతి మడిలోను నీరు నిలుస్తుంది. ఉభాలకి వెళ్ళిన ఆడవాళ్ళు పదెకరాల పొలం చూసి దడుసుకోరు, చేతి ముందున్న మడి చూసి నారు నాటుకుంటూ వెనక్కి నడుస్తారు. సాయంత్రానికి పొలమంతా పచ్చబడుతుంది. తన అవ్వ చిన్న చిన్న అల్లిక ముక్కలు విడివిడిగా అల్లి, తర్వాత వాటిని కలిపి పెద్ద దుప్పటి చేసేదని, ఆ పద్ధతే తనకీ వచ్చిందని క్లోజ్ చెప్పేవాడు. ఎక్కడైనా కష్టజీవుల తెలివి ఒకటే కాబోలు.

1972లో అతను కాలిఫోర్నియాలో కేథన్ బ్రౌన్ నడిపే క్రౌన్ పాయింట్ ప్రెస్ అనే అచ్చుశాలకి వెళ్ళాడు. కాలేజీ రోజుల తర్వాత అతను పట్టుకున్న మొదటి పెద్ద అచ్చుపని అది. అందరూ మానేసిన మెజోటింట్ చేస్తానన్నాడు. అదీ మూడున్నర అడుగులకి పైబడిన ఎత్తులో! అంత పెద్ద రేకుని చేత్తో గరుకు చెయ్యటం జరిగే పని కాదు. అందుకని సన్నని చుక్కల తెరని ఫోటో పద్ధతిలో రేకు మీదికి ఎక్కించి ఆమ్లంతో తినిపించి గరుకు చేశారు. దాని మీద తన స్నేహితుడు కీత్ ముఖాన్ని గడి గడిగా రుద్ది తెల్లబరచటం మొదలెట్టాడు. నోటి దగ్గర ప్రారంభించాడు. పని అలవాటు లేదు గనక మాటిమాటికి ప్రూఫులు తీసి చూసుకున్నాడు. నెలలు గడిచి పూర్తయ్యేసరికి ఒక వింత బయటపడింది. అన్ని ప్రూఫుల ఒత్తిడికి ముందు రుద్దిన నోటిభాగం అరిగి, మిగతా ముఖం కన్నా తేలిపోయింది. గళ్ళ అంచులు కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయి.

అంతకుముందు వేసిన వర్ణచిత్రాల్లో గళ్ళని అతను పూర్తిగా చెరిపేసేవాడు. చూసేవాళ్ళకి మచ్చలేని ఫోటోలాంటి ముఖం మాత్రం కనబడేది. ఈ అచ్చులో మాత్రం పనిచేసిన విధానం ముఖం మీదే ఉండిపోయింది. అతను దాన్ని దాచలేదు. "కీత్" అలాగే బయటికి వచ్చింది, పేరు తెచ్చుకుంది. ఆ తర్వాత గళ్ళు కనబడనివ్వటమే అతని శైలి అయింది. ఎక్కడెక్కడ తడబడి, ఎలా దిద్దుకుంటూ ముందుకి వెళ్ళాడో ఆ రేకు దాచకుండా చెప్తుంది. మన సమాధానపత్రాల మీద కొట్టివేతలుంటే మార్కులు పోతాయేమోనని భయపడే మనకి ఈ సంగతి వింతగానే ఉంటుంది.

1977లో అదే అచ్చుశాలలో తన ముఖాన్ని ఎచింగ్ చేశాడు. ఇందులో రుద్దుడు లేదు, అంతా గీతలే. గళ్ళలో సన్నని గీతలు, దగ్గర దగ్గరగా ఉంటే నీడ, ఎడంగా ఉంటే వెలుగు. దగ్గరికి వెళ్ళి చూస్తే ముఖం మాయమై గీతలు మాత్రం మిగులుతాయి. పది అడుగులు వెనక్కి వేస్తే కళ్ళద్దాలు, గడ్డం, చర్మం మీది గుంటలు అన్నీ లేచివస్తాయి. మరుసటి ఏడు నల్ల కాగితం మీద తెల్ల సిరాతో అదే ముఖాన్ని మళ్ళీ వేశాడు.

వేలిముద్రలు

నన్ను బాగా ఆకర్షించినవి మాత్రం ఆ తరువాత ఎనభైలలో చేసిన వేలిముద్రల బొమ్మలు. బొటనవేలికి సిరా అద్దుకుని, కొన్ని చోట్ల గట్టిగా, కొన్ని చోట్ల తేలిగ్గా ఒత్తుతూ ముఖాలు కట్టాడు. 1985లో తన భార్య అవ్వ ఫానీ ముఖాన్ని కుంచె ముట్టుకోకుండా వేళ్ళతోనే పెద్ద గుడ్డ మీద వేశాడు. అది ఇప్పుడు వాషింగ్టన్ నేషనల్ గేలరీలో ఉంది. 1986లో భార్య లెస్లీ ముఖాన్ని వేలిముద్రలతో కట్టి ఎచింగ్ రేకు మీదికి ఎక్కించాడు.

వేలిముద్ర అంటే మనకి ఏమిటి? సంతకం చెయ్యటం రాని మనిషి బ్యాంకులో, సొసైటీలో, రిజిస్ట్రారు ఆఫీసులో సిగ్గుపడుతూ వేసే గుర్తు. "వేలిముద్రగాడు" అన్నది తిట్టు. నిజానికి ఆ ముద్ర సంతకం కన్నా నికరమైనది. లోకంలో ఇద్దరికి ఒకే రకంగా ఉండదు కాబట్టే దస్తావేజుల్లో దాన్ని నమ్ముతారు. అక్షరం మొరాయించిన ఒక మనిషి ఆ వేలిముద్రలనే గుర్తుగా, గడిగా, కుంచెగా చేసుకుని మ్యూజియం గోడలెక్కాడు.

1988 డిసెంబరులో అతనికి వెన్నులోని ధమని దెబ్బతిని మెడ కింద శరీరం చచ్చుబడింది. కొంత కదలిక తిరిగి వచ్చాక మణికట్టుకి కుంచె కట్టించుకుని మళ్ళీ గళ్ళు నింపాడు. 2002లో జపాన్ పద్ధతి చెక్కదిమ్మెలతో వేసిన "ఎమ్మా" అనే పసిపాప ముఖానికి 113 రంగులు పట్టాయి. దిమ్మెలు చెక్కి అచ్చుతీసినవాడు యాసు షిబాటా అనే జపాన్ నిపుణుడు. 2021 ఆగస్టులో క్లోజ్ చనిపోయాడు.

ఏది నిజం, ఏది అతిశయం

ఇంతదాకా చదివి కొందరు మిత్రులు "అయితే డిస్లెక్సియా ఉంటే గొప్ప కళాకారులవుతారన్నమాట" అనుకోవచ్చు. అలా అనుకోకూడదు. చదవలేనివాళ్ళకి బొమ్మలు వేసే శక్తి దానంతట అదే వస్తుందని శాస్త్రం నిర్ధారించలేదు. ఆ విషయం మీద జరిగిన పరిశోధనల్లో ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. అక్షరం రాని ప్రతి పిల్లవాడిలోను ఒక చక్ క్లోజ్ దాక్కున్నాడని చెప్పటం కూడా ఆ పిల్లవాడి నెత్తిన ఇంకో బరువు పెట్టటమే. వాడు మామూలు మనిషిగా బతికినా చాలు, వాడికి చదువు అందాలి.

మనిషిని దేవుణ్ణి చెయ్యటం కూడా తగదు. 2017లో కొందరు స్త్రీలు స్టూడియోలో అతను తమతో అసభ్యంగా మాట్లాడాడని చెప్పారు. అతను క్షమాపణ చెప్పుకున్నాడు. 2018లో జరగవలసిన అతని ప్రదర్శనని వాషింగ్టన్ నేషనల్ గేలరీ ఆపేసింది. ఇదీ అతని జీవితంలో భాగమే. మనం నేర్చుకోవలసింది అతని పద్ధతి.

ఆ పద్ధతిని మూడు ముక్కల్లో చెప్పవచ్చు. ఒకటి, పెద్ద పనిని చిన్న మళ్ళుగా కొయ్యటం. రెండు, కంటికి అందనిదాన్ని చెవికి, చేతికి అందించటం. మూడు, తీరిక, దిద్దుకునే అవకాశం. మూడోది లేకపోతే మొదటి రెండూ పనిచెయ్యవు.

మన బడులు, మన బాధ్యత

ఎచింగ్‌లో ప్రూఫు ఎన్నిసార్లయినా తీయవచ్చని పైన చెప్పాను. మన పరీక్షలో ఒకటే అచ్చు. మూడు గంటల్లో ఎలా పడితే అలా. ఒక్కొక్క గీతకి ఒక్కొక్క కాలం ఇస్తేనే బొమ్మ వస్తుందని అచ్చుకళ చెప్తుంటే, మనం అరవైమంది పిల్లల్ని ఒకే ఆమ్లంలో ఒకే సమయం ముంచి తీసి, తక్కువ తిన్న రేకుల్ని పారేస్తున్నాం.

చట్టం ఈ సంగతి గుర్తించింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం నిర్దిష్ట అభ్యసన వైకల్యాల్ని తన పట్టికలో చేర్చింది. చదవటంలో, రాయటంలో, లెక్కల్లో వచ్చే ఇబ్బందులు ఇందులోకి వస్తాయి. అలాంటి పిల్లల్ని వీలైనంత త్వరగా గుర్తించి తగిన పద్ధతుల్లో బోధించాలని, పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు లాంటి మార్పులు చెయ్యాలని ఆ చట్టమే చెప్తోంది. కేంద్రప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం అదనపు సమయం గంటకి 20 నిమిషాలకి తగ్గకూడదు. మూడు గంటల పరీక్షకి ఇంకో గంట అన్నమాట. వీటికి వైద్యుల ధ్రువపత్రం కావాలి. కానీ మన పల్లెల్లో ఎంతమంది తల్లిదండ్రులకి ఇలాంటిదొకటి ఉందని తెలుసు? కాలు వంకర అయితే కంటికి కనిపిస్తుంది, నలుగురూ జాలిపడతారు. అక్షరం దగ్గర వంకర ఎవరికీ కనబడదు, అందుకే దానికి జాలికి బదులు దెబ్బలు.

విద్యార్థి మిత్రులకి నావి నాలుగు చిన్న సూచనలు. మన యూనియన్ తరఫున, పరీక్షలప్పుడు సహాయకులుగా కూర్చోవటానికి ఇష్టపడే విద్యార్థుల జాబితా ఒకటి తయారుచేసి చుట్టుపక్కల హైస్కూళ్ళకి ఇవ్వవచ్చు. పదో తరగతి పాఠాలు స్పష్టంగా పైకి చదివి ఫోన్లలో రికార్డు చేసి అవసరమైన పిల్లలకి అందించవచ్చు, స్నానాలతొట్టి అక్కర్లేకుండానే వాళ్ళు విని నేర్చుకుంటారు. వేసవి సెలవుల్లో ఊళ్ళకి వెళ్ళినప్పుడు, వెనకబడ్డ పిల్లవాణ్ణి పక్కన కూచోబెట్టుకుని రోజుకి అయిదే అయిదు అక్షరాలు, ఇసకలో వేలితో రాయిస్తూ, ధ్వని పలికిస్తూ నేర్పవచ్చు. ఉద్దానంలో ఇసకకి కరువు లేదు. పై చట్టం సంగతి అమ్మానాన్నలకి వాళ్ళ భాషలో చెప్పవచ్చు.

రేపు మనలో చాలామంది టీచర్లవుతాం. హాజరుపట్టీ చేతికొచ్చిన మొదటి రోజున ఆ తరగతిలో ఒక పెర్సీ ఉండవచ్చు, ఒక చక్ ఉండవచ్చు, మా వీధి కుర్రాడిలాంటివాడు తప్పకుండా ఉంటాడు. వాడు నెమ్మదిగా చదివితే ఆగుదాం. నోటితో చెప్తానంటే విందాం. తప్పు చేస్తే దాన్ని ప్రూఫు అనుకుందాం. రేకు ఇంకా మన చేతిలోనే ఉంది.